పక్కకు నెట్టేది నీరే

మధ్య గీత నుంచి బంతి 11.5 మీటర్ల దూరంలో తేలుతూ ఉంటుంది. బోటుకు కట్టిన తాడు పొడవు, చివరనున్న పిడితో కలిపి, 10.25 మీటర్లు. బోటు మధ్య గీత మీద తిన్నగా పోతుంది, అటూ ఇటూ జరగదు. తాడు పట్టుకున్న మనిషి ఆ బంతిని అవతలి వైపు నుంచి చుట్టి రావాలి. తాడును బోటుకు సరిగ్గా లంబంగా చాచినా మీటరుంపావు తక్కువ పడుతుంది. అయినా చుట్టి వస్తారు. కుడివైపు మూడు, ఎడమవైపు మూడు, మొత్తం ఆరు బంతుల్ని పదహారు సెకన్లలో చుట్టేస్తారు.

స్లాలం వాటర్ స్కీయింగ్‌లో వాడే పలక, అంటే స్కీ, దాని ఆకారం, దాని అడుగునున్న లోహపు రెక్క, ఆటగాడి నడుము ఎక్కడుండాలి, చెయ్యి ఎప్పుడు వదలాలి అన్నవన్నీ ఆ మీటరుంపావును సంపాదించడం కోసం పుట్టుకొచ్చినవే. అందుకే ఈ అధ్యాయంలో ముందు దారిని కొలుద్దాం, తర్వాత బలాల సంగతి చూద్దాం, పరికరాల దగ్గరికి ఆ తర్వాతే వెళ్దాం. ఆ క్రమం తప్పితే పరికరాలు వట్టి వస్తువుల జాబితాలా కనిపిస్తాయి.

పోటీ దారి పొడవు 259 మీటర్లు. మొదట్లో రెండు బంతుల మధ్య 2.5 మీటర్ల వెడల్పున్న గేటు, చివర అలాంటిదే ఇంకొకటి. మొదటి గేటు దాటిన 27 మీటర్లకు కుడివైపు మొదటి బంతి వస్తుంది. అక్కణ్ణించి ప్రతి 41 మీటర్లకూ ఒకటి, ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన. మగవాళ్ళ పోటీల్లో బోటు వేగం గంటకు 58 కిలోమీటర్లు మించదు, ఆడవాళ్ళ పోటీల్లో 55. గంటకు 58 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 16 మీటర్లు. దారి మొత్తం 16.08 సెకన్లలో అయిపోతుంది. ఒక బంతికీ తర్వాతి బంతికీ మధ్య రెండున్నర సెకన్లే దొరుకుతాయి.

కష్టాన్ని పెంచే పద్ధతి ఈ ఆటలో చాలా అందమైనది. మొదట వేగం పెంచుతారు: 43, 46, 49 అంటూ మూడేసి కిలోమీటర్ల చొప్పున. గరిష్ఠ వేగం చేరాక దాని జోలికి వెళ్ళరు, తాడు కురచ చేయడం మొదలుపెడతారు. 18.25 మీటర్లు, 16, 14.25, 13, 12, 11.25, 10.75, 10.25, 9.75. తాడులో ప్రతి కొలత దగ్గరా ఒక ఉచ్చు కుట్టి ఉంటుంది. బోటు మధ్యలో నిలబెట్టిన స్తంభానికి ఏ ఉచ్చు తగిలిస్తే తాడు అంత పొడవు. మొదటి ఆరు కొలతల రంగులు దాదాపు హరివిల్లు వరసలోనే ఉంటాయి: ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా. తాడు రంగు చూస్తే చాలు, ఒడ్డున నిలబడ్డవాళ్ళకు ఆటగాడు ఎక్కడున్నాడో తెలిసిపోతుంది.

వేగాన్నే పెంచుకుంటూ పోయి ఉంటే ఇది ఇంజిన్ల పోటీ అయ్యేది, ప్రమాదాలూ అలాగే పెరిగేవి. తాడు కురచ చేయడం వల్ల ఇది జ్యామితి పోటీ అయింది. నీలం ఉచ్చు, అంటే 12 మీటర్ల దాకా, తాడు బంతిని అందుకోగలదు. ఊదా ఉచ్చు తగిలించిన దగ్గర్నుంచి తాడు బంతి దాకా రాదు. ఇక మిగిలిన దూరాన్ని మనిషి తన శరీరంతో పూరించాలి.

ఇప్పుడు బలాల సంగతి. తాడుకు తెలిసిన పని ఒక్కటే, రెండో కొసను తన వైపు లాగడం. ఆటగాడు సరిగ్గా బోటు వెనక ఉన్నప్పుడు తాడు అతన్ని ముందుకు లాగుతుంది. కుడివైపు జరిగితే ముందుకూ కొంచెం ఎడమకూ లాగుతుంది. ఎంత బయటికి పోతే అంతగా లోపలికి లాగుతుంది. మధ్య గీత దాటాక ఏ స్థితిలోనూ తాడు అతన్ని బంతి వైపు తోయదు. మరి 58 కిలోమీటర్ల వేగంతో తిన్నగా పోయే బోటు వెనక ఒక మనిషి రెండున్నర సెకన్లలో 23 మీటర్లు అడ్డంగా ఎలా వెళ్తాడు?

అతన్ని పక్కకు నెట్టేది నీరే. స్కీని ఒక అంచు మీద వాల్చి, దాని ముక్కును బోటు దారికి ఏటవాలుగా పెడితే, ఎదురొచ్చే నీరు స్కీ అడుగు భాగాన్ని ఢీకొని పక్కకు మళ్ళుతుంది. నీటిని ఎడమకు మళ్ళించినందుకు నీరు స్కీని కుడికి నెడుతుంది. న్యూటన్ మూడో సూత్రం ఇంత నగ్నంగా కనిపించే ఆట మరొకటి ఉందని నేననుకోను. స్కీ వెనక గోడలా లేచే నీటి తుంపర అంతా అలా మళ్ళించిన నీరే.

నీటికి అంత బలం ఎక్కడిది? నీటి సాంద్రత గాలి కంటే సుమారు 800 రెట్లు ఎక్కువ. పైగా ఎదురొచ్చే ప్రవాహం కలిగించే ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సెకనుకు 16 మీటర్ల వేగంతో వచ్చే నీటిని పూర్తిగా ఆపితే చదరపు సెంటీమీటరుకు దాదాపు 1.3 కిలోల బరువు పెట్టినట్టు. ఆటగాడి వేగం అంతకంటే ఎక్కువే ఉంటుంది. బోటుతో పాటు ముందుకు పోవడమే కాకుండా అడ్డంగా కూడా పోతున్నాడు కదా. అతని ఊగిసలాట సరళ హరాత్మకం అనుకుని ఒక అంచనా వేద్దాం. మధ్య గీత దాటే క్షణంలో అడ్డ వేగం సెకనుకు 14 మీటర్లు వస్తుంది. దాన్ని ముందు వేగంతో కలిపితే గంటకు 77 కిలోమీటర్లు. ఆ వేగంలో నీటి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 2.3 కిలోలు దాటుతుంది. అరచేయంత వైశాల్యం చాలు, మనిషి బరువును మోయడానికి. కింద పడినప్పుడు కూడా ఇదే నీరు ఎదురవుతుంది. అందుకే ఈ ఆటలో పక్కటెముకల్ని కాపాడే జాకెట్ లేకుండా ఎవరూ నీళ్ళలోకి దిగరు.

నీటి మీద జారడం కొత్త సంగతేమీ కాదు. 1922లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, లేక్ సిటీ ఊరి పక్కనున్న పెపిన్ సరస్సు మీద రాల్ఫ్ శామ్యూల్‌సన్ అనే కుర్రవాడు రెండు చెక్క పలకల మీద నిలబడి బోటు వెనక జారాడు. ఎనిమిదడుగుల పైన్ పలకలవి. వాటి కొసల్ని మరుగుతున్న నీళ్ళలో మెత్తబరిచి పైకి వంచాడు. 1939లో అమెరికాలో జాతీయ పోటీలు, 1949లో ఫ్రాన్స్‌లోని జువాన్ లె పాన్‌లో ప్రపంచ పోటీలు మొదలయ్యాయి. 1972 ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా ఒకసారి కనిపించింది. శామ్యూల్‌సన్ పలకలు నీటి పైన నిలబెట్టడానికి పనికొచ్చాయి. ఈనాటి స్లాలం స్కీ నీటిలోకి దిగి కోయడానికి తయారైంది. రెండింటి మధ్య పోలిక పేరు వరకే.

ఈ స్కీ ఒక్కటే ఉంటుంది, రెండు పాదాలూ దాని మీదే, ఒకదాని వెనక ఒకటి. పొడవు సుమారు 165 నుంచి 175 సెంటీమీటర్లు, ఆటగాడి బరువును, బోటు వేగాన్ని బట్టి ఎంచుకుంటారు. బయట కార్బన్ ఫైబర్ పొరలు, లోపల తేలికైన ఫోమ్. తిరగేసి చూస్తే అడుగు చదునుగా ఉండదు, దోనెలా లోతుగా ఉంటుంది. ఆ లోతు నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి స్కీ వాలినప్పుడు అంచు మీద నిలకడగా ఉంటుంది. అంచుల్ని కొంచెం గుండ్రంగా, కొంచెం ఏటవాలుగా చెక్కుతారు. గుండ్రంగా ఉన్నచోట నీరు స్కీని అంటిపెట్టుకుని లోపలికి లాక్కుంటుంది, పదునుగా ఉన్నచోట విడిపోతుంది. పక్క నుంచి చూస్తే స్కీ ముక్కు నుంచి తోక దాకా సన్నగా వంగి ఉంటుంది. ఆ వంపు ఎక్కువైతే మలుపు చిన్నదవుతుంది, వేగం తగ్గుతుంది. వంపు తక్కువైతే వేగంగా పోతుంది కానీ మలుపు తిరగనని మొరాయిస్తుంది. ఏ స్కీ తయారీదారైనా ఈ రెండింటి మధ్య బేరమాడాల్సిందే.

తోక దగ్గర కిందికి దిగి ఉండే అల్యూమినియం రెక్కను ఫిన్ అంటారు. ఈ ఆటలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టి ఉంచిన వస్తువు అదే. పొడవు పదిహేడు సెంటీమీటర్లకు కాస్త పైన, స్కీ అడుగు నుంచి కిందికి దిగే లోతు ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. చిన్న పెట్టెలాంటి బిగింపులో మరల మధ్య కూర్చుంటుంది. ఆ మరల్ని వదులు చేసి ఫిన్‌ను ముందుకు, వెనక్కు, పైకి, కిందికి జరపొచ్చు. ఎంత జరుపుతారో వింటే ఆశ్చర్యమేస్తుంది. డిజిటల్ కాలిపర్స్ పెట్టి అంగుళంలో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. అయిదు వెయ్యో వంతులు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు జరిపి, మళ్ళీ నీళ్ళలోకి దిగి తేడా తెలిసిందంటారు మంచి ఆటగాళ్ళు.

అంత చిన్న మార్పు కాళ్ళకు తెలుస్తుందా? తెలుస్తుందనడానికి కారణం ఇందాక చెప్పుకున్న ఒత్తిడే. మలుపులో స్కీ తోక ఎంత జారాలి, ముక్కు ఎంత దిగాలి అన్నది ఫిన్ నిర్ణయిస్తుంది. లోతు పెంచితే తోక నీటిని గట్టిగా పట్టుకుని జారడం తగ్గుతుంది. ముందుకు జరిపితే ముక్కు వైపు పట్టు పెరుగుతుంది. తోక మరీ జారితే మలుపు చివర స్కీ అడ్డం తిరిగి ఆగిపోతుంది. అసలు జారకపోతే మలుపు పెద్దదై తర్వాతి బంతికి ఆలస్యమవుతుంది. ఫిన్‌కు అడ్డంగా ఒక చిన్న రెక్క కూడా బిగిస్తారు, ఏడు నుంచి తొమ్మిది డిగ్రీల వాలుతో. బంతి దగ్గరికి వచ్చేటప్పుడు వేగాన్ని తగ్గించడానికి అది సాయపడుతుంది. పాదాల్ని పట్టి ఉంచే బూట్లది వేరే సమస్య. గట్టిగా పట్టకపోతే స్కీ మాట వినదు, పడినప్పుడు వదలకపోతే కాలు విరుగుతుంది. రెండు పాదాల్లో ఒకటి ఊడి ఒకటి చిక్కుకుపోతే అన్నిటికంటే ప్రమాదం. అందుకే కొన్ని అమరికల్లో రెండు బూట్లనూ ఒకే పలకకు బిగిస్తారు, ఊడితే రెండూ కలిసి ఊడాలని.

ఇక మనిషి చేసే పని. గేటు రావడానికి చాలా ముందే ఆటగాడు బోటుకు ఎడమవైపు బయటికి లాక్కుంటూ వెళ్ళి, అక్కడ బోటుతో సమానంగా జారుతూ ఉంటాడు. సరైన క్షణంలో లోపలికి తిరిగి, ఏటవాలుగా గేటు మధ్య నుంచి కోసుకుంటూ కుడివైపు మొదటి బంతికి పోతాడు. ఆ తిరిగే క్షణం అర సెకను అటూ ఇటూ అయితే ఆరు బంతుల్లోనూ ఆ ఆలస్యం వెంటాడుతుంది. టీవీలో చూసేవాళ్ళకు బంతి దగ్గరి మలుపే అద్భుతంగా కనిపిస్తుంది, శిక్షకులు మాత్రం ముందుగా గేటునే చూస్తారు.

మొదటి బంతి చుట్టి రెండో బంతికి పోయే రెండున్నర సెకన్లను దగ్గర్నుంచి చూద్దాం. మలుపు ముగిసింది, స్కీ ముక్కు ఇప్పుడు ఎడమ ఒడ్డు వైపు చూస్తోంది, తాడు బిగుసుకుంటోంది. రెండు చేతులూ పిడి మీదికి వచ్చాయి, ఒక అరచెయ్యి పైకి, ఒకటి కిందికి. చేతులు తిన్నగా, మోచేతులు ఒంటికి దగ్గరగా, పిడి నడుము ఎత్తులో. చీలమండ, తుంటి, భుజం ఒకే గీతలో ఉండి ఆ గీత మొత్తం బోటుకు దూరంగా వాలి ఉండాలి. అప్పుడు తాడు లాగే బలం వెన్ను గుండా, కాళ్ళ గుండా తిన్నగా స్కీ అంచులోకి దిగుతుంది. తుంటి వెనక్కు పోయిందా, శరీరం మధ్యలో మడతపడుతుంది, తాడు భుజాల్ని ముందుకు గుంజేస్తుంది, అంచు నీటిని వదిలేస్తుంది. కొత్తవాళ్ళు చేతులతో తాడును లాక్కోవాలని చూస్తారు. మోచెయ్యి మడిచి ఎంత లాగినా అడ్డ వేగం రాదు. వాలి నిలబడి, పని నీటికి అప్పగించాలి.

ఈ లాగుడు మధ్య గీత దాకానే. బోటు వెనక లేచే రెండు అలల మధ్య లోయలో స్కీ ఒక అంచు నుంచి రెండో అంచుకు మారుతుంది. అక్కడి నుంచి ఇక వేగం సంపాదించే అవకాశం లేదు, ఉన్న వేగాన్ని దూరంగా మార్చుకోవడమే. ఎక్కువసేపు లాగితే మరింత వేగం వస్తుందని లాగినవాడు బంతి దగ్గర తన వేగాన్ని తానే మోయలేకపోతాడు. బోటు కంటే వేగంగా ముందుకు దూసుకుపోతాడు, తాడు వదులైపోతుంది. వదులైన తాడు మళ్ళీ బిగిసేటప్పుడు కొట్టే కుదుపుకు పిడి చేతుల్లోంచి ఊడిపోతుంది. ఈ ఆటలో ఎక్కువ మంది ఓడేది ఆ వదులు తాడు దగ్గరే.

అంచు మారాక పిడిని వెంటనే వదిలెయ్యకూడదు. రెండు చేతులతో ఒంటికి దగ్గరగా పట్టి ఉంచితే తాడు అతన్ని ఒక చాపం మీద పైకి, బోటు పక్కకు, ఊపుతుంది. బంతి సమీపించాక బయటి చెయ్యి వదిలి, బోటు వైపు చేత్తో పిడిని బోటు వైపుకే మెల్లగా చాస్తాడు. చెయ్యి లోపలికి, స్కీ బయటికి. శరీరం నీటికి అంగుళాల దూరంలోకి వాలిపోతుంది, ఛాతీ బోటు వైపే ఉంటుంది. పిడి నుంచి స్కీ దాకా అడ్డంగా కొలిస్తే సుమారు రెండు మీటర్లు. మొదట్లో తక్కువ పడిన మీటరుంపావు ఇందులోంచే వస్తుంది.

మరి సమస్య తీరిపోయినట్టేనా? లేదు. ఆ రెండు మీటర్లు తీసేస్తే పిడి మధ్య గీత నుంచి 9.5 మీటర్ల దూరం చేరాలి. ఇక్కడ ఉయ్యాలను తలుచుకోండి. పొడుగు తాళ్ళ ఉయ్యాలలో ఒక పక్కకు నాలుగడుగులు ఊగడం పిల్లలకు కూడా తేలిక. తాళ్ళు కురచ చేసి అదే నాలుగడుగులు ఊగమంటే పలక దాదాపు దూలం ఎత్తుకు లేవాలి. స్కీయర్ పరిస్థితి అదే. 18.25 మీటర్ల తాడుతో పిడి 9.5 మీటర్లు పోవాలంటే తాడు మధ్య గీతతో 31 డిగ్రీల కోణం చేస్తే చాలు. 14.25 దగ్గర 42 డిగ్రీలు కావాలి. 10.25 దగ్గర 68. 9.75 దగ్గర 77. బంతి కదల్లేదు, వేగం మారలేదు, సమయం మారలేదు. ఊగాల్సిన కోణం మాత్రం రెండింతలు దాటింది. 9.75 మీటర్ల తాడుతో బంతి దగ్గర పిడి స్తంభానికి 2.2 మీటర్లే వెనక ఉంటుంది. స్తంభం బోటు మధ్యలో ఉంటుంది కాబట్టి అప్పుడు ఆటగాడు బోటు వెనక కాదు, దాని పక్కన ఉంటాడు. డ్రైవర్ తల తిప్పితే కనిపించేంత దగ్గరలో.

ఆ కోణంలో తాడు ముందుకు లాగే బలం కూడా దాదాపు మాయమవుతుంది. 77 డిగ్రీల కొసైన్ విలువ 0.22. అంటే తాడులో ఉన్న బిగువులో అయిదో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే ముందుకు పనిచేస్తుంది, మిగతాదంతా లోపలికే గుంజుతుంది. నీటి రాపిడి వెనక్కు లాగుతూనే ఉంటుంది. అంచేత ఆటగాడు అక్కడ నిలవలేడు. స్కీ తిరగడానికి దొరికే వ్యవధి ఆ కాసేపే.

బోటు గురించి కూడా చెప్పాలి. దాదాపు ఆరు మీటర్ల పొడవు, ఇంజిన్ లోపల మధ్యలో, అడుగు చదునుగా ఉండి అల తక్కువ లేపేది కావాలి. 77 కిలోమీటర్ల వేగంతో ఆ అలను దాటేవాడికి జానెడు ఎత్తు అయినా గట్టి దెబ్బే. ప్రతి లాగుడుకూ ఆటగాడు బోటును పక్కకు గుంజుతాడు, దాని వేగాన్ని తగ్గిస్తాడు. ఒకప్పుడు డ్రైవర్ చెయ్యి, చెవి మీదే వేగం ఆధారపడేది. ఇప్పుడు జీపీఎస్ చూసుకునే యంత్రం ఇంజిన్‌ను నడుపుతుంది. లాగుడుకు ఇంజిన్ ఎంత త్వరగా, ఎంత గట్టిగా బదులివ్వాలో ఆటగాడు ముందే చెప్పుకోవచ్చు. చుక్కాని మాత్రం ఇంకా మనిషి చేతిలోనే ఉంది. బోటును మధ్య గీత మీద నిలిపి ఉంచగల డ్రైవర్లకు ఈ ఆటలో ఎంత గౌరవమో చెప్పలేను, అది న్యాయమే.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు పొడుగు తాడుతో, తక్కువ వేగంతో మొదలుపెట్టాలి. 43 కిలోమీటర్ల వేగంలో బంతికీ బంతికీ మధ్య దాదాపు మూడున్నర సెకన్లు దొరుకుతాయి, వాలి నిలబడడం ఒంటికి పట్టడానికి ఆ ఒక్క సెకను చాలా సాయం. బంతుల్లేని నీటి మీద అలలు దాటడం అలవాటయ్యాకే దారిలోకి రావాలి. ముందుగానే వస్తే చూపు బంతి మీదే అతుక్కుపోయి నడుము వెనక్కు పోతుంది, ఆ అలవాటు మాన్పించడానికి ఏళ్ళు పడుతుంది.

పై కొసన ఏం జరుగుతోందో చూడాలంటే కొన్ని పేర్లు గుర్తుంచుకోవాలి. బ్రిటన్‌కు చెందిన ఆండీ మాపుల్ ఇరవై ఏళ్ళ పాటు ఈ ఆటలో అందరికీ కొలమానంగా నిలిచాడు. ఆసుపత్రి ఫార్మసీలో ఉద్యోగం చేస్తూనే అమెరికన్ రెజీనా జాక్వెస్ 10.25 మీటర్ల తాడు మీద ప్రపంచ రికార్డులు రాసింది. 2013లో నేట్ స్మిత్ లూసియానా రాష్ట్రంలోని కవింగ్టన్‌లో 9.75 మీటర్ల తాడుతో రెండున్నర బంతులు చుట్టి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఆ అర ఎలా వస్తుందంటే, బంతిని చుట్టి, బిగిసిన తాడుతో బంతుల వరస లోపలికి తిరిగి రాగలిగితే అర. మధ్యలో బోటు దారి దాకా అలాగే చేరితే పూర్తి ఒకటి. మూడో బంతి దాటి లోపలికి వచ్చాడు, బోటు దారికి చేరలేకపోయాడు. రికార్డు పుస్తకాల్లో ఆ అరను కూడా రాస్తారు, ఎందుకంటే 77 డిగ్రీల దగ్గర తాడు బిగువు తప్పకుండా తిరిగి లోపలికి రావడమే ఆ పొడవు దగ్గర అన్నిటికంటే కష్టమైన పని.